రేడియేటర్ ఫ్యానుకు చేతి స్విచ్: కోరాపుట్ ఘాటీల్లో బండి నడిపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో కార్ల వైరింగ్ పని చేస్తాను. ఎండలు ముదిరాయంటే చాలు, షాపుకొచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఈ స్విచ్ గురించే. సుంకి ఘాటీ (కొండదారి) ఎక్కి దిగేవాళ్ళు, రాయగడ నుంచి పార్వతీపురం తిరిగేవాళ్ళు, విశాఖ ఆస్పత్రులకు పేషెంట్లను తీసుకెళ్ళే టాక్సీవాళ్ళు అందరిదీ ఒకటే మాట: "ఫ్యానుకి ఒక స్విచ్ పెట్టేయండి, టెన్షన్ ఉండదు." పెట్టొచ్చు. కానీ ఎలా పెట్టాలో, ఎలా పెట్టకూడదో తెలియకపోతే ఆ స్విచ్చే ఇంజన్‌ను మింగేస్తుంది. అందుకే నన్ను ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను.

ఫ్యాను దానంతటదే తిరుగుతుంది కదా, మళ్ళీ చేతి స్విచ్ ఎందుకు?

తిరుగుతుంది. పాత బండ్లలో రేడియేటర్‌కో, ఇంజన్ మీద నీళ్ళ పైపు దగ్గరో ఒక హీట్ స్విచ్ ఉంటుంది. చాలా బండ్లలో కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 92 నుంచి 98 డిగ్రీల మధ్యకు రాగానే అది ఫ్యానును వేస్తుంది. ఐదారు డిగ్రీలు తగ్గాక ఆపేస్తుంది. కొత్త బండ్లలో సెన్సర్ చెప్పిన వేడిని చూసి ఇంజన్ కంప్యూటరే ఈ పని చేస్తుంది. ఏసీ వేసినప్పుడు కూడా చాలా బండ్లలో ఫ్యాను తిరుగుతుంది.

చేతి స్విచ్ వల్ల రెండు ప్రయోజనాలు. హీట్ స్విచ్ గానీ సెన్సర్ గానీ దారిలో చచ్చిపోతే, ఇంటికి చేరేదాకా ఫ్యాను మన చేతిలో ఉంటుంది. రెండోది, ముందు ఘాటీ ఉందని మనకు తెలుసు, హీట్ స్విచ్‌కు తెలియదు. వేడి పెరిగాక తగ్గించడం కంటే పెరగకముందే ఫ్యాను వేసుకోవడం తేలిక.

అంతకు మించి ఈ స్విచ్ నుంచి ఏమీ ఆశించకండి.

మన దగ్గరే ఈ సమస్య ఎక్కువా? మైదానంలో వాళ్ళు ఇంతగా అడగరు కదా?

సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కుతుంటే ఏం జరుగుతుందో చూడండి. బండి నిండా మనుషులు, పైన సామాను, ముందు లోడు లారీ. సెకండ్ గేరులో 15, 20 స్పీడు. ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తుంటుంది గానీ రేడియేటర్‌కు తగలాల్సిన గాలి తగలదు. హైవే మీద 60 దాటి పోతున్నప్పుడు వచ్చే గాలే రేడియేటర్‌కు సరిపోతుంది, ఫ్యానుతో పెద్దగా పనుండదు. ఘాటీలో భారమంతా ఫ్యాను మీదే. వెనక నుంచి గాలి వీచే రోజైతే ఇంకా కష్టం.

ఇంకో సంగతి ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. విశాఖలో 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు కోరాపుట్‌లో 97 దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత బిగుతుగా ఉండి లోపల ఒత్తిడి నిలబెడితే ఇది పెద్ద విషయం కాదు, ఆ ఒత్తిడి వల్ల మరిగే వేడి 115 పైకి పోతుంది. అదే మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే? ఫ్యాను తిరగడం మొదలుపెట్టే వేడి, నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒకటైపోతాయి. కూలెంటు బదులు బోరు నీళ్ళు పోసిన బండి అయితే ఇక ఫ్యాను ఎంత తిరిగినా నీళ్ళు బయటికి పొంగుతూనే ఉంటాయి.

మా బండి వేడెక్కుతోంది. స్విచ్ పెడితే తగ్గిపోతుందా?

ఈ ప్రశ్నకు మాత్రం నేను వెంటనే అవునని చెప్పను. ముందు బోనెట్ ఎత్తి చూస్తాను.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీళ్ళు చూడండి. తుప్పు రంగులో ఉంటే రేడియేటర్ లోపల పూడుకుపోతోందని అర్థం. మూత కింద రబ్బరును గోరుతో నొక్కి చూడండి, గట్టిపడి చీలి ఉంటే మూత మార్చండి. చాలా బండ్ల రోగం ఆ చిన్న మూత దగ్గరే కుదిరిపోవడం నేను చూశాను. తర్వాత రేడియేటర్ ముఖం చూడండి. మన రోడ్ల ఎర్రమట్టి, పురుగులు, గడ్డి పువ్వులు దాని రెక్కల మధ్య అట్టకట్టేస్తాయి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో అయితే బయటికి కనిపించకుండా దుప్పటిలా పరుచుకుంటుంది. లోపలి వైపు నుంచి బయటికి మామూలు నీళ్ళ పైపుతో కడగాలి. వాటర్ సర్వీసు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు ముడుచుకుపోతాయి.

ఇక ఫ్యాను. ఇంజన్ ఆన్‌లో పెట్టి బండిని నిలబెట్టి ఉంచండి. వేడెక్కాక ఫ్యాను దానంతటదే తిరిగి, కాసేపటికి ఆగిపోతే ఆటోమేటిక్ బాగున్నట్టే. అప్పుడు మీ సమస్య ఫ్యానుది కాదు. వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమో, వాటర్ పంపు రెక్కలు అరగడమో, నీళ్ళు ఎక్కడో కారడమో అయ్యుంటుంది. ఫ్యాను బాగా తిరుగుతున్నా రేడియేటర్ ట్యాంకులో బుడగలు వస్తూ, నీళ్ళు తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే పొర) పోయినట్టు. వీటిలో ఒక్కదానికి కూడా స్విచ్ మందు కాదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసి కూర్చున్నట్టు ఉంటుంది.

రోగం ఏదో తేలి, అది నయం అయ్యాక, ముందుజాగ్రత్తగా స్విచ్ కావాలంటే సంతోషంగా పెడతాను.

ఏ బండికైనా పెట్టొచ్చా?

కరెంటు ఫ్యాను ఉన్న బండికే. అంబాసిడర్, పాత జీపుల్లాంటి వాటిలో ఫ్యాను ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది. దానికి స్విచ్ అనే మాటే లేదు. మారుతి 800 నుంచి ఇటు వచ్చిన చిన్న కార్లు ఎక్కువగా కరెంటు ఫ్యానువే.

కొన్ని కొత్త బండ్లలో ఫ్యాను స్పీడును కంప్యూటరు కొంచెం కొంచెంగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ ఫ్యానుకు రెండు లావు వైర్లతో పాటు ఒకటో రెండో సన్నటి వైర్లు కూడా వస్తాయి. అలాంటిదాని జోలికి పోవద్దు. దానికి నేను స్విచ్ పెట్టను, పెడతానన్నవాడి దగ్గరికి వెళ్ళమని కూడా చెప్పను.

మెకానిక్ "ఫ్యాను డైరెక్ట్ చేసేస్తాను, ఐదు నిమిషాల పని" అంటున్నాడు. చేయించుకోవచ్చా?

వద్దు. ఈ పేజీ రాయడానికి అసలు కారణమే ఈ "డైరెక్ట్".

డైరెక్ట్ చేయడమంటే హీట్ స్విచ్‌నీ రిలేనీ (చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే డబ్బా) పక్కన పెట్టేసి, బ్యాటరీ నుంచో ఇగ్నిషన్ లైను నుంచో ఒక వైరు తెచ్చి, మధ్యలో ఒక స్విచ్ పెట్టి, నేరుగా ఫ్యానుకు ఇవ్వడం. అంటే ఫ్యాను కరెంటు మొత్తం ఆ స్విచ్ గుండా పోవాలి. చిన్న కారు ఫ్యాను తిరిగేటప్పుడు 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. పెద్ద బండిదైతే 20 దాటుతుంది. ఆగి ఉన్న ఫ్యాను కదిలే ఆ మొదటి క్షణంలో దానికి రెండు మూడు రెట్లు.

నా సొంత బండి సంగతి చెబుతాను. సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. ఇంజన్ చూశాను, టైర్లు చూశాను, డ్యాష్‌బోర్డు కింద స్విచ్ ఒకటి కనిపిస్తే ఫాగ్ ల్యాంపుదేమో అనుకున్నాను. అమ్మినతను "అది ఫ్యానుది, ఎప్పుడూ వేసే ఉంచండి" అన్నాడు. కొన్న నెలలోపే అమ్మ కంటి ఆపరేషన్‌కు విశాఖ తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణంలో, సాయంత్రం, సుంకి ఎక్కుతుండగా కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ముందు పోతున్న లారీ బ్రేకులేమో అనుకుని అద్దాలు ఎక్కించాను. వాసన ఇంకా ఎక్కువైంది. డ్యాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే ముల్లు చూస్తే ఎర్రగీత దగ్గరికి పోతోంది. పక్కకు ఆపి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే ఆ స్విచ్ ముట్టుకోలేనంత వేడి. స్క్రూలు విప్పి బయటికి లాగాను. ఇంట్లో గోడకు లైటుకి పెట్టే తెల్ల స్విచ్ అది. అంచులు గోధుమరంగుకు తిరిగిపోయాయి, వెనక వైరు మీది ప్లాస్టిక్ కరిగి మైనంలా కారి గట్టిపడింది, లోపలి ఇత్తడి ముక్క నల్లగా మాడి ఆనడమే మానేసింది. ఫ్యాను ఎప్పుడో ఆగిపోయింది.

వెనక సీట్లో అమ్మ కంటికి కట్టుతో కూర్చుని ఉంది. "ఏమైంది నాన్నా" అని రెండుసార్లు అడిగింది. డిక్కీలో ఉన్న వైరు ముక్కతో బ్యాటరీ నుంచి ఫ్యానుకు కలిపి, మధ్యలో ఫ్యూజు పెట్టి, నెమ్మదిగా కోరాపుట్ దాకా తెచ్చాను. మర్నాడు పూర్తిగా విప్పి చూస్తే ఇంకా బాధ కలిగింది. హీట్ స్విచ్ వైర్లు రెండూ కోసేసి టేపు చుట్టి వదిలేశారు. అంటే ఆ స్విచ్ పోతే ఫ్యానుకు వేరే దారే లేదు. ఇంజన్‌ను కాపాడే ఏర్పాటును తెంచేసి దాని స్థానంలో ఒక లైటు స్విచ్ పెట్టారు. హీట్ స్విచ్ కొత్తది వేయించుకుంటే సరిపోయే పని అది.

ఆ ఇంటి స్విచ్ 6 ఆంపియర్లది, అదీ ఇంట్లోకి వచ్చే, దిక్కు మారుతూ ఉండే ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుకు చేసింది. కారుది దిక్కు మారని డీసీ. డీసీలో స్విచ్ తెరిచేటప్పుడు లేచే నిప్పురవ్వ త్వరగా ఆరదు, ప్రతిసారీ లోపలి ముక్కను కొంచెం కొంచెం కాల్చుకుంటూ పోతుంది. అది ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప.

మరి సరైన పద్ధతి ఏది? కనెక్షన్ ఎలా ఇవ్వాలి?

ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. కొత్త స్విచ్ ఫ్యానును వేయడానికి ఇంకో దారి కావాలి తప్ప ఉన్న దారిని తెంచకూడదు. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకుండా పని అవ్వాలి. రేపు మన స్విచ్ పాడైనా ఆటోమేటిక్ తన పని తాను చేసుకుంటూ ఉండాలి.

ముందు టెస్ట్ ల్యాంపు (వైరులో కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు) పట్టుకుని బండి వైరింగ్ ఎలా ఉందో చూడాలి. పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇది: ఫ్యానుకు ఒక రిలే ఉంటుంది, ఆ రిలే కాయిల్ (లోపలి తీగచుట్ట) తాలూకు ఎర్త్ (బాడీకి, అంటే బ్యాటరీ నెగటివ్‌కు పోయే వైరు) హీట్ స్విచ్ గుండా పోతుంది. వేడెక్కగానే హీట్ స్విచ్ ఆ వైరును బాడీకి కలుపుతుంది, రిలే లాగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇలా ఉంటే పని చాలా తేలిక. హీట్ స్విచ్‌కు వచ్చే రెండు వైర్ల నుంచి రెండు సన్నటి వైర్లు తీసుకుని డ్యాష్‌బోర్డు మీద స్విచ్‌కు ఇస్తే చాలు. హీట్ స్విచ్ కలిపినా రిలే లాగుతుంది, మీరు కలిపినా లాగుతుంది. కాయిల్ తీసుకునే కరెంటు పావు ఆంపియరు కూడా ఉండదు కాబట్టి మీ స్విచ్ వేడెక్కే ప్రసక్తే లేదు.

కొన్ని పాత బండ్లలో రిలే ఉండదు, ఫ్యాను కరెంటంతా హీట్ స్విచ్ గుండానే పోతుంది. అక్కడా, కంప్యూటరు నడిపే బండ్లలోనూ వేరే రిలే పెట్టాలి. నాలుగు కాళ్ళ 12 వోల్టుల రిలే, 30 లేదా 40 ఆంపియర్లది తీసుకోండి. కాళ్ళ మీద నంబర్లు ఉంటాయి. 30వ కాలికి బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు వైరు, మధ్యలో ఫ్యూజు. 87వ కాలి నుంచి ఫ్యాను పాజిటివ్ వైరుకు. ఆ వైరును కోయొద్దు, పక్క నుంచి కలపండి. 86కు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఇగ్నిషన్ లైను, చిన్న ఫ్యూజుతో. 85 నుంచి ఒక సన్నటి వైరు డ్యాష్‌బోర్డు స్విచ్‌కు, స్విచ్ రెండో కాలు బాడీ ఎర్త్‌కు. అంతే.

రిలే లోపల డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చేది) ఉన్నదైతే 86 పాజిటివ్, 85 నెగటివ్ అని తప్పకుండా చూసుకోండి. తిరగేస్తే ఫ్యూజు కొట్టేస్తుంది. కంప్యూటరు ఉన్న బండ్లలో డయోడ్ రిలేనే మంచిది, కాయిల్ వదిలేటప్పుడు వచ్చే ఎదురు కరెంటు బయటికి పోదు.

ఫ్యానుకు పాజిటివ్ ఎప్పుడూ ఉండి, నెగటివ్‌ను కలిపి తెంచే బండ్లు కూడా ఉన్నాయి. అక్కడ నేను చెప్పినట్టు పాజిటివ్ కలిపితే ఏమీ జరగదు. రిలే 30వ కాలిని బాడీకి, 87ను ఫ్యాను నెగటివ్‌కు కలపాలి. అందుకే ముందు టెస్ట్ ల్యాంపు అన్నాను. రెండు ఫ్యాన్లు ఉండి, తక్కువ స్పీడులో ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు పోతూ, ఎక్కువ స్పీడులో దేనికది విడిగా కరెంటు తీసుకుంటూ తిరిగే ఏర్పాటు ఉంటే ఫ్యాను వైర్లతో ఆడుకోవద్దు. వైరింగ్ బొమ్మ చూసి చేయగలిగినవాళ్ళకే ఇవ్వండి.

వైరు ఎంత లావుండాలి? ఫ్యూజు ఎంతది?

చిన్న కారుకు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు. పెద్ద ఫ్యానుకు 4 స్క్వేర్ ఎంఎం, 30 ఆంపియర్ల ఫ్యూజు. స్విచ్ వైపు వైరు 0.75 సరిపోతుంది. ఆటోమొబైల్ వైరే వాడండి, ఇంటి వైరింగ్ వైరు బోనెట్ వేడికీ అదురుకీ ఆగదు.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉన్న వైరునే. ఫ్యూజు రిలే దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకు దిక్కెవరు? అది ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి అంటుకుంటుంది.

వైరు చేతితో మెలిపెట్టి టేపు చుట్టడం నేను ఒప్పుకోను. థింబుల్ (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) పెట్టి క్రింప్ చేసి (నొక్కి బిగించి) స్లీవ్ ఎక్కించండి. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి తెచ్చేటప్పుడు రబ్బరు గ్రొమెట్ (రేకు అంచు వైరును కోయకుండా రంధ్రానికి పెట్టే రింగు) గుండానే తేవాలి. రిలేను కాళ్ళు కిందికి ఉండేలా బిగించండి, వాన నీళ్ళు లోపల నిలవవు. ఎర్త్ ఇచ్చేచోట పెయింటు గీకండి.

అంతా అయ్యాక ఫ్యాను తిరుగుతుండగా మీటరుతో బ్యాటరీ దగ్గరా, ఫ్యాను ప్లగ్ దగ్గరా వోల్టేజి చూడండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు సన్నమో, జాయింటు వదులో.

స్విచ్ ఆపడం మరిచిపోతే బ్యాటరీ దిగిపోతుందా?

కాయిల్ లైను ఇగ్నిషన్ నుంచి తీసుకుంటే తాళం తీయగానే ఆగిపోతుంది, భయం లేదు. నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుని రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి బండి లేవదు. హీట్ స్విచ్‌కు జత కలిపే పద్ధతిలో మాత్రం ఒకటి చూసుకోండి. కొన్ని బండ్లలో తాళం తీసినా ఫ్యాను తిరిగేలా కంపెనీవాళ్ళే పెడతారు. అలాంటి బండిలో మీ స్విచ్ కూడా తాళం తీసినా పనిచేస్తుంది. స్విచ్‌లో లైటు ఉన్నదే కొనండి, కళ్ళ ముందు వెలుగుతుంటే మరిచిపోరు.

అదే కారణానికి ఇంకో మాట. బండి ఆపి ఉన్నా ఫ్యాను ఎప్పుడైనా తిరగొచ్చు. వేడి ఇంజన్ మీద వంగి ఫ్యాను రెక్కల మధ్య చెయ్యి పెట్టకండి, చీర కొంగు, కండువా వేలాడనివ్వకండి.

ఫ్యానును పూర్తిగా ఆపే స్విచ్ కూడా కావాలి. గెడ్డలు (వాగులు) దాటేటప్పుడు ఆపమంటారు కదా?

ఇందులో నిజం ఉంది. వానాకాలంలో మల్కన్‌గిరి వైపు కాజ్‌వేల మీద, ఊళ్ళ మధ్య గెడ్డల్లో నీళ్ళు రేడియేటర్ ఎత్తుకు వస్తాయి. తిరుగుతున్న ఫ్యాను నీళ్ళను కొట్టుకుంటే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోస్తాయి, మోటారు మీద భారం పడి ఫ్యూజు పోతుంది. జీపుల్లో అడవి దార్లు తిరిగేవాళ్ళకు ఈ కష్టం తెలుసు.

అయినా ఆఫ్ స్విచ్ నేను పెట్టను. ఒడ్డుకు చేరాక దాన్ని తిరిగి ఆటోలో పెట్టడం మరిచిపోయి హెడ్ బెండ్ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. కారు రేడియేటర్ మునిగేంత నీళ్ళుంటే అసలు దిగకూడదు. నీళ్ళు ఫ్యానుకు తగలనంత లోతే అయితే ఏసీ ఆపేయండి, చేతి స్విచ్ ఆపేయండి, నెమ్మదిగా దాటండి. ఉద్యోగరీత్యా అలాంటి దారిలో రోజూ పోక తప్పనివాళ్ళు చేతితో నొక్కి పట్టుకున్నంతసేపే ఆపే బటన్ పెట్టించుకోండి. చెయ్యి తీయగానే ఆటోమేటిక్ తిరిగి వచ్చేయాలి.

ఘాటీలో ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి?

ఎక్కుడు మొదలయ్యే ముందే వేయండి. సాలూరు దాటి కొండ కనిపించగానే అనుకోండి. పైకి వచ్చి దారి చదునై, స్పీడు 50 దాటాక ఆపేయండి. దిగేటప్పుడు అవసరం లేదు, ఇంజన్ మీద భారం ఉండదు. జయపురం నుంచి కోరాపుట్ ఎక్కేటప్పుడు కూడా ఇంతే. ఊళ్ళో జామ్‌లో ఇరుక్కున్నప్పుడు వేసుకోవచ్చు.

ముల్లును మాత్రం నమ్ముకోవద్దు. చాలా కార్లలో అది 80 నుంచి 100 దాటేదాకా మధ్యలోనే కదలకుండా ఉండేలా చేస్తారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. కంప్యూటరు ఉన్న బండి అయితే స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటరు వివరాలు చదివే చోటు) పెట్టే చిన్న బ్లూటూత్ రీడరు కొనుక్కోండి. అసలు వేడి ఎన్ని డిగ్రీలో ఫోన్‌లో కనిపిస్తుంది.

ఎప్పుడూ వేసే ఉంచితే ఇంజన్ మరీ చల్లబడిపోతుందా?

థర్మోస్టాట్ బాగుంటే అలా జరగదు. అది వేడిని బట్టి నీళ్ళ దారి మూసి తెరుస్తుంది. థర్మోస్టాట్ తీసి పారేసిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, "వేడెక్కదు" అని తీసేస్తారు. అలాంటి బండిలో ఫ్యాను ఎప్పుడూ తిరిగితే చలికాలం సిమిలిగూడ, పొట్టంగిల్లో ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలో డీజిలో ఎక్కువ తాగుతుంది. ఇంకోటి, మోటారు బ్రష్‌లు అనవసరంగా అరుగుతాయి. కావలసినప్పుడే వేయండి.

వారంటీ పోతుందా? ఆర్టీఓ వాళ్ళు పట్టుకుంటారా?

వారంటీలో ఉన్న బండికి పెట్టకండి. కంపెనీవాళ్ళు వైరింగ్‌లో మార్పు చూస్తే ఎలక్ట్రికల్ క్లెయిమ్ కాదనొచ్చు, ఇన్సూరెన్స్‌తోనూ వాదన పడాల్సి రావొచ్చు. కొత్త బండి ఘాటీలో వేడెక్కుతుంటే షోరూమ్‌కు వెళ్ళి గట్టిగా అడగండి, అది మీ హక్కు. ఆర్టీఓ విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పుల గురించి. ఫ్యాను రిలే ఆర్సీలో ఉండదు.

స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది, ఫ్యాను మాత్రం తిరగట్లేదు.

రిలే టిక్కుమంటోందా వినండి. టిక్కుమనకపోతే కాయిల్ వైపు లోపం: ఇగ్నిషన్ ఫ్యూజు, స్విచ్ ఎర్త్. టిక్కుమంటే 30వ కాలికి కరెంటు ఉందా, 87 దాకా వస్తోందా టెస్ట్ ల్యాంపుతో చూడండి. ఫ్యాను ప్లగ్ దగ్గర కూడా కరెంటు ఉంటే, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకోండి. అదీ బాగుంటే మోటారే పోయింది. ఇంజన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి రెక్కను వేలితో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బుష్‌లు పట్టేశాయి. ఆ మోటారు ఇలాగే వదిలేస్తే ఫ్యూజులు కాలుస్తూనే ఉంటుంది. ఫ్యూజు పెద్దది వేస్తే సరిపోతుందనుకోవద్దు, మార్చాల్సింది మోటారును.

స్విచ్ ఇంకా పెట్టించుకోలేదు. ఘాటీ మధ్యలో వేడెక్కితే ఏం చేయాలి?

ముల్లు పైకి పోతోందనిపించగానే ఏసీ ఆపండి, గేరు తగ్గించి యాక్సిలరేటర్ మీద భారం తగ్గించండి. బండిలో హీటర్ ఉంటే పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ గట్టిగా పెట్టండి. లోపల కూర్చున్నవాళ్ళు ఉడికిపోతారు గానీ ఆ వేడి ఇంజన్ నుంచే వస్తుంది, అది చిన్న రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. అద్దాలు దించేయండి.

తగ్గకపోతే మలుపులో కాకుండా కాస్త వెడల్పు ఉన్నచోట ఆపి, చక్రానికి రాయి పెట్టి, బోనెట్ ఎత్తండి. నీళ్ళు పొంగుతున్నా, ఆవిరి వస్తున్నా ఇంజన్ వెంటనే ఆపేయండి. ఆవిరి లేకుండా ఫ్యాను మాత్రం తిరగడం లేదంటే ఒకటి ప్రయత్నించొచ్చు: బండి ఆగి ఉండగా ఏసీ వేయండి, చాలా బండ్లలో దాంతో ఫ్యాను తిరుగుతుంది. కంప్యూటరు బండ్లలో చాలావాటికి కూలెంట్ సెన్సర్ ప్లగ్ లాగేస్తే కంప్యూటరు జాగ్రత్తపడి ఫ్యానును వేసేస్తుంది. ఇంజన్ లైటు వెలుగుతుంది, ఫర్వాలేదు, తర్వాత చూసుకోవచ్చు.

మూత మాత్రం తెరవకండి. లోపల 100 దాటిన నీళ్ళు ఒత్తిడితో ఉన్నాయి, మూత వదులైన క్షణంలో ముఖం మీదికి లేస్తాయి. కనీసం అరగంట ఆగి, పై పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. మెత్తగా ఉంటేనే మూత మీద మందంగా గుడ్డ కప్పి నెమ్మదిగా తిప్పండి. చన్నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించొద్దు, వేడి హెడ్ చీలుతుంది. కొంచెం కొంచెంగా పోయండి. సుంకి ఎక్కే బండిలో ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా, ఒక స్పేర్ ఫ్యూజు ఎప్పుడూ ఉండాలి.

స్విచ్ మీద ఏం రాయించాలి?

చాలామంది అడగరు గానీ, నేను అడిగి మరీ రాయిస్తాను. మన బండి మనమొక్కళ్ళమే నడపం. తమ్ముడు నడుపుతాడు, ఒకరోజు కోరాపుట్ డ్రైవరు ఒడియాబాబు నడుపుతాడు, ఇంకోరోజు సాలూరు నుంచి వచ్చిన మామయ్య. డ్యాష్‌బోర్డు కింద పేరు లేని స్విచ్ ఉంటే ఎవరైనా ఒకసారి నొక్కి చూస్తారు. అందుకే తెలుగులోనూ ఒడియాలోనూ "ఫ్యాన్" అని, పక్కన చిన్న ఫ్యాను బొమ్మ వేసి అంటిస్తాను. ఫ్యూజు ఎక్కడుందో, ఎన్ని ఆంపియర్లదో ఒక చీటీ మీద రాసి బోనెట్ లోపలి వైపు అతికిస్తాను. రాత్రిపూట రాయగడ దారిలో ఆగిపోతే, ఏ ఊరి మెకానిక్ అయినా ఆ చీటీ చూసి పని మొదలుపెట్టగలడు.